పావురాలు లేచిన జాగ

నీ కెమెరా సంచి తియ్యంగనే ఒక వాసన వచ్చింది సూడు, తోలు వాసనల జెర కర్పూరం కలిసినట్టు, గా వాసనకే నా పానం ఎక్కడికో పోయింది బిడ్డా. మోచెయ్యంత గొట్టం ఒళ్లె పెట్టుకొని, ఎగిరే కొంగల్ని పట్టుకొచ్చిన అవ్వా అని మురుస్తున్నవు, మురువు, గని అసుంటి గొట్టంల నుంచి నేను తొమ్మిదేండ్లప్పుడే సూసిన. నవ్వకు. నైజాం రాజ్యంలనే సూసిన. ఫోన్ల నా మాట పట్టుకో, తర్వాత నింపాదిగ రాసుకో, నడుమ ఆపకు, ఆపితే మళ్ల మొదటికొస్త.

నువ్వు నందికొండ డ్యాం కాడ పడవెక్కి తిరిగొచ్చిన నీళ్ల కిందనే మా ఊరుండె. అప్పుడు గా నీళ్లు లేవు, కృష్ణ ఎక్కడనో లోతుల పారుతుండె, మా చెల్కలు పైన గుట్టల నడుమ ఉండె. సలికాలం జొన్న కంకి పాలు పోసుకున్నకాన్నుంచి పిట్టల్ని కొట్టుడు నా పని. పొద్దుగాల మంచుకు కాళ్లు జివ్వుమంటుంటే, అమ్మ మూటగట్టిన జొన్నరొట్టె, ఎర్రకారం, ఉల్లిగడ్డ నడుముకు కట్టుకొని మంచె ఎక్కుతుంటి. వడిశెలల మట్టిగడ్డ పెట్టి గిరగిర తిప్పి ఇడిస్తే, పెయ్యి గులాబి రంగు తల నలుపు ఉండే గోరింకలు ఒక్కసారే మబ్బు లెక్క లేచి పక్క చెల్కల వాలుతుండె. గా చెల్కల పిల్ల ఊకుంటదా? "నీ సుట్టాల్ని నీ ఇంట్లనే ఉంచుకోయే అండాలూ!" అని మళ్ల నా మీదికే తోలేది. ఆకలైతే పాలకంకులు నిప్పుల మీద కాల్చి, బట్టలేసి నలిచి ఊదుకుంటే ఊశబియ్యం, పచ్చపచ్చగ, నోట్లేస్తే పాలు కారేటివి, జెర బెల్లం ముక్క దొరికితే ఇగ పండుగనే. పంట కోసేయాళ్లకు శివరాత్రి వచ్చేది, ఇల్లిల్లు ఉడికిన తియ్యటి మొరంగడ్డల వాసన, గది దాటంగనే కాముని పున్నం, మోదుగుపూలు కుండల ఉడకేసి తీసిన రంగు చేతులకు వారం దాంక పోకుండె.

దినమంత పిట్టల్నే సూస్తే ఏమైతది, వాటి మతలబు తెలుస్తది. ఏ పిట్టైనా గాలికి ఎదురుగనే లేస్తది, గాలి ఎన్క నుంచి తోస్తుంటే లెవ్వది. గద్ద అసుంటి పెద్దదైతే ఎగిరే ముందు రెట్టేస్తది, పెయ్యి బరువు తగ్గిచ్చుకుంటది. గిది నాకు ఎవ్వలు చెప్పలే. ఎవ్వలు అడుగలే గూడ.

అప్పుడు ఎక్కడనో లడాయి నడుస్తుందని సర్కారు లెవీ పెట్టింది. గిర్దావరు, అంటే సర్కారు తరఫున గింజలు వసూలు జేసెటోడు, కళ్లం కాడికే వచ్చి కొలిపిచ్చుకొని పోతుండె. వాళ్లు తీసుకపోంగ మిగిలింది వానకాలం దాంక గూడ రాకుండె. గా ఏడు మా నాయిన, మా పెద్దనాయిన ఇద్దరన్నదమ్ములు ఒక్కటై సగం కంకులు చీలిక బండ ఎన్క లోయలకు మోసిండ్రు. పైన రెండు బండలు చీలి నిలవడి ఉంటయి, దాని ఎన్క లోయ ఉన్నదని ఊళ్లె సగంమందికే తెల్వది. ఆడనే కొట్టి, తూర్పార బట్టి, పాతర తవ్విండ్రు. మనిషి నిలవడితే మునిగేటంత గుంత, లోపల మంట పెట్టి తడి ఆర్పి, పేడతోని అలికి, సుట్టు గడ్డి పేర్చి జొన్నలు పోసి, మీద గడ్డి, గడ్డి మీద మట్టి. నాయిన నా రెండు బుగ్గలు పట్టుకొని "అండాలూ, నోట్ల నుంచి ఒక్క మాట రావద్దు బిడ్డా. గీ జొన్నలే మన పానం" అన్నడు. నేను తలూపిన. నా నోట్ల నుంచి రాలేదు. గిది యాదుంచుకో.

గదే వారం గిర్దావరు చావడిల దిగిండు. ఎంబడి ఆయన బామ్మర్ది, పట్నమాయన. పెద్ద తోలు పెట్టె, మూడు కాళ్ల కట్టె, గీ నీ గొట్టమసుంటి గొట్టం. మేము ఫోటో సాబంటుంటిమి. ఆయనకు ఎగిరే పిట్టల ఫోటోలే కావాలె, కూసున్నది వద్దు. గని ఆయన మీట వొత్తేసరికి పిట్ట ఎల్లిపోయేది. ఇంక కొయ్యని చెల్కకు కావలున్న నా మంచె కింద మూడు దినాలు గట్లనే తిప్పలువడ్డడు, నేను మీద కూసోని నవ్వుడు.

"ఎందుకు నవ్వుతున్నవే పిల్లా?"

"పిట్ట ఎగిరినంక వొత్తితే ఏం పడ్తది సాబ్, మొండి తోకనా? రెట్ట ఏసినప్పుడు వొత్తు."

వొత్తిండు, గద్ద పడ్డదంట. గంతే, ఆకాన్నుంచి నన్ను "ఉస్తాద్" అని పిలుసుడు. ఆడపిల్లను, పిట్టల్ని కొట్టేదాన్ని, నన్ను ఉస్తాద్ అన్నడు బిడ్డా! ఒకదినం ఎత్తుకొని గొట్టంల సూపెట్టిండు. ఎక్కడనో చెట్టు మీదున్న పాలపిట్ట నా ముక్కు ముందుకొచ్చి కూసున్నది, దాని కంటి సుట్టు ఎంటికసుంటి ఈకలు గూడ కనవడ్డయి. దసరనాడు దూరం నుంచి దండం పెట్టే పిట్ట! నాకు ఏడుపొచ్చింది.

"ఉస్తాద్, వందల పిట్టలు ఒక్క తీరుగ లేసే జాగ ఏడనన్న ఉన్నదా? ఒక్క ఫోటో. రేపు మాపు పోతున్న" అన్నడు.

ఉన్నది. లోయల రాలిన జొన్నలకు గుట్ట సందులల్ల పావురాలన్ని పొద్దుగాల దిగుతుండె. నేను మస్తు ఆలోచన జేసిన. పాతర ముచ్చట చెప్తలేను గద, పావురాలనే సూపెడుతున్న గద, మీద మట్టి కప్పి ఉన్నది గద అనుకున్న. అయినా భయమై, "గీ జాగ ఎవ్వలకు చెప్పొద్దు, ఒట్టెయ్యి" అన్న. ఆయన కెమెరా మీద చెయ్యేసి ఒట్టేసిండు. "నీకొక ఫోటో గూడ ఇస్త ఉస్తాద్" అన్నడు.

గాలి మా ఎన్క ఉండేటట్టు నిలవెట్టిన, లేసి మా దిక్కే రావాలెనని. వడిశెల తిప్పి ఇడిసిన. అబ్బ, గా సప్పుడు! వంద సాపలు ఒక్కసారే దులిపినట్టు లేసినయి, మబ్బు రంగు రెక్కలు, మీదికెల్లి ఎండ, ఈకలు మా నెత్తి మీద వడ్డయి. ఆయన నవ్వుతున్నడు, నేను ఎగురుతున్న. నా బతుకుల గంత సంబురం మళ్ల అయ్యిందో లేదో నాకైతే యాదికి లేదు.

మూడోదినం పొద్దుగాల గిర్దావరు, నలుగురు జవాన్లు గునపాలు పట్టుకొని తిన్నగ చీలిక బండ ఎన్కకు పోయిండ్రు. ఊరంత ఎంబడి ఉరికింది. గిర్దావరు చేతుల ఫోటో. చావడిల అర్రకు దుప్పట్లు కట్టి చీకటి జేసుకొని సాబు కడిగిన ఫోటో.

"ఊకెనే గిన్ని పావురాలు దిగుతయారా? పావురాల కింద గీ కొత్త మట్టేంది?" అని మా నాయిన ముఖం మీద ఆడిచ్చిండు.

పాతర మూత తియ్యంగనే లోపల్నుంచి ఉడుకు గాలి, గడ్డి వాసన, జొన్న వాసన. ఒక్క గింజ ఇడువలే. నాయినను, పెద్దనాయినను చావడి ముందట వంగవెట్టి ఈపుల మీద బండలు వెట్టిండ్రు. ఎండ నెత్తి మీదికొచ్చేదాంక. అరుగు మీద మంచంల సాబు కూసోని ఉన్నడు. నేను ఆయన దిక్కే సూస్తున్న. ఒక్కసారి సూడు, నేను చెప్పలేదని అను, మీ బావను ఆపు అని లోపల్లోపల మొత్తుకుంటున్న. ఆయన నన్ను సూసిండు. సూసి, జేబు రుమాలు తీసి, గా గొట్టం అద్దం తుడుసుకుంట తలకాయ వంచిండు. తుడిసిన అద్దాన్నే మళ్ల మళ్ల తుడిసిండు.

ఆ సాయంత్రం అమ్మ నాయిన ఈపుకు పసుపు నూనె రాస్తుంటే, నాయిన నన్ను దగ్గరికి పిలిసిండు.

"నువ్వు చెప్పలేదు గద బిడ్డా?"

"చెప్పలే నాయినా."

నా తల నిమిరిండు. "నాకెర్కనే. నా బిడ్డ చెప్పది" అన్నడు. మరి సాబుకు గా జాగ ఎవ్వలు చెప్పినట్టు? నన్ను పక్కకు వెడితే, పాతర తెలిసింది ఇద్దరన్నదమ్ములకే. నాయిన పెద్దనాయినను అనుమానిచ్చిండు, పెద్దనాయిన నాయినను. ఒక్క ఇంట్ల నడుమ గోడ లేసింది. గా ఏడు మేము గంజి తాగి బతికినం, గది మరిసిపోయిన. గని పెద్దనాయిన సచ్చిపోతే మా నాయిన పాడె పట్టలే, గది మరువలే. గప్పుడు గూడ నేను నోరు తెరువలే.

సాబు మాత్రం ఫోటో మాట నిలవెట్టుకున్నడు. పోయేటప్పుడు జవానుతోని కాయితంల సుట్టి పంపిండు. ఎన్క ఏదో రాసిండు, నాకు సదువు రాకపాయె. పావురాలు మాత్రం మస్తుగొచ్చినయి, ఒక్కొక్క రెక్క లెక్కవెట్టొచ్చు. వాటి కింద కొత్త మట్టి గూడ గంత సక్కగ కనవడుతుంది. తీసుకపోయి ఖాళీ పాతరలనే పడేసిన.

ఇగ తర్వాత డ్యాం కట్టిండ్రు, ఊరు లేపిండ్రు, నీళ్లొచ్చినయి. చావడి పాయె, మంచెలు పాయె, పాతర ఎట్ల అలుకుతరో తెలిసినోళ్లు పాయె, గా పావురాలు ఏ గుట్టకు పోయినయో. పెద్దనాయిన పిల్లలు ఏడున్నరో గూడ నాకు తెల్వది.

నీ ఫోటో మళ్లొకసారి పెద్దగ జెయ్యి. ఆ... గీ నీళ్లల్ల నుంచి తేలిన రెండు బండలు, నడుమ సందు. గదే బిడ్డా, చీలిక బండ. దాని మీది నుంచే లేస్తున్నయి నీ కొంగలు. జాగ తెలిస్తే పిట్టల్ని పట్టే వలలోళ్లొస్తరు, పోయినేడు గట్లనే అయ్యింది అని పొద్దుగాల నువ్వే అంటివి.

"జాగ ఎవ్వలకన్న చెప్పినవా?"

"చెప్పలే అవ్వా, ఒట్టు."

"ఫోటో సూపెట్టినవా?"

సూడు, ఎట్ల తలకాయ వంచినవో. మా నాయిన గీ రెండో మాట నన్ను అడుగలే బిడ్డా. అడిగితే బాగుండు.