టైరుకు కట్టిన రైఫిల్

1979 చలికాలంలో, అమెరికాలోని నోవై ఊళ్ళో, శ్యామ్‌సుందర్ ఇంట్లో సత్యనారాయణ వ్రతం నాడు, అతని భార్య నళిని గొలుసు కనబడకుండా పోయింది. అతిథుల కోట్లన్నీ పడకగదిలో మంచం మీద కుప్పగా పడి ఉన్నాయి. రెండో షిఫ్టుకు టైమవుతోందని తిరుపతయ్య ఒక్కడే ముందుగా లేచి, ఆ కుప్పలోంచి తన కోటు లాక్కున్నాడు. అనుమానానికి అంతే చాలింది. ఆ ఇంజనీర్ల, డాక్టర్ల నడుమ లేత్ మిషన్ మీద పనిచేసేవాడు అతనొక్కడే మరి. గుమ్మం దగ్గర శ్యామ్‌సుందర్ అతన్ని ఆపి, అందరూ చూస్తుండగా కోటు లైనింగ్ తడిమాడు. చేతిలో ప్రసాదం పట్టుకుని తిరుపతయ్య కదలకుండా నిలబడ్డాడు.

మంచు కరిగాక గొలుసు వాళ్ళ పిల్లవాడి పాత బూటులో దొరికింది. ఆ సంగతి ఫోన్ చేసి చెప్పాలని నోవై పెద్దమనుషుల్లో ఒక్కరికీ తోచలేదు. అతన్ని పిలవడం మాత్రం మానేశారు.

తర్వాత కార్ల కంపెనీల్లో కోతలొచ్చాయి. తిరుపతయ్య ఉద్యోగం ఊడింది. లైసెన్సు తెచ్చుకుని, గరాజ్‌లో పాత లేత్ పెట్టుకుని తుపాకులు బాగుచేసే పనిలో దిగాడు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిలు గుర్తుగా తెచ్చుకున్న జపాన్ రైఫిళ్ళు అక్కడ చాలా ఇళ్ళ బేస్‌మెంట్లలో ఊరికే పడి ఉండేవి. వాటి తూటాలు బజార్లో సులువుగా దొరకవు. దొరికే అమెరికన్ తూటా పట్టేలా గొట్టంలో తూటా కూర్చునే చేంబర్‌ను కోసి పొడుగు చేయడం అతని పని. జబ్బల దాకా నూనె మరకలు. మాట తక్కువ.

1984లో శ్యామ్‌సుందర్‌ను అతని బాస్ జింకల వేటకు పిలిచాడు. ఆఫీసులో మరే ఇండియన్‌కూ రాని పిలుపు అది. ప్రమోషన్ ఆ క్యాంపులోనే తేలుతుందని అతనికి తెలుసు. పాతసామాన్లమ్మే ఒక గరాజ్ సేల్‌లో జపాన్ రైఫిల్ కొన్నాడు. తూటాలు దొరకలేదు. తుపాకుల షాపువాడు ఒక అడ్రసు ఇచ్చి, "మీ దేశపు మనిషే" అన్నాడు.

"రండి సార్, చాయ్ తాగుతరా?" అన్నాడు తిరుపతయ్య, నిన్ననే కలిసినట్టు.

"వద్దులెండి, తిరుపతయ్యగారూ."

మునుపు 'ఏమయ్యా' అనేవాడు. ఇప్పుడు నోటికి 'గారు' వచ్చింది.

తిరుపతయ్య వెనక గొళ్ళెంలాంటి బోల్ట్ తీసి, గొట్టాన్ని వెలుతురుకెత్తి చూశాడు. "నడుస్తది. కోసిస్తా. వేటకు ఒక్కరే పోతున్నరా?"

ఎందుకడిగాడు? ఇల్లు చేరేదాకా శ్యామ్‌సుందర్ బుర్రలో అదే తిరిగింది. ఒక్క మాట అనలేదు, మొహం మాడ్చుకోలేదు. అంత అవమానం పడ్డవాడు చాయ్ ఇస్తాననడమేమిటి? చేంబర్ కాస్త ఎక్కువ కోస్తే చాలు, తూటా వెనక్కి పేలి మొహం మీదికొస్తుంది. పొరపాటంటాడు. ఎవడు కాదంటాడు?

"ఆ గొలుసు సంగతి గుర్తుంటుందంటావా?" అని నళినిని అడిగాడు.

"మీరైతే మర్చిపోతారా? వెళ్ళి సారీ చెప్పేయండి, పోతుంది."

"ఇప్పుడు చెబితే భయపడి చెప్పాననుకోడూ?"

"భయమేగా మరి!"

చెప్పలేదు.

రైఫిల్ సిద్ధమయ్యాక, ఊరి బయట తిరుపతయ్యకు తెలిసిన ఒక రైతు పొలంలో కలుసుకున్నారు. వాళ్ళు కలుసుకోవడం అదే ఆఖరు. తిరుపతయ్య రైఫిల్‌ను పాత లారీ టైరుకు బిగించి కట్టాడు, ట్రిగ్గర్‌కు పొడుగాటి తాడు ముడేశాడు.

"వ్యాన్ ఎనకకు రాండ్రి సార్."

"మీరు పట్టుకుని పేల్చొచ్చుగా?"

"మొదటిసారి ఎవ్వరి పనైనా గిట్లనే. నా పనైనా నేను నమ్మ."

తాడు లాగాడు. టైరు ఎగిరిపడింది. తిరుపతయ్య వెళ్ళి, కాలిన తూటా డొల్ల ఎక్కడన్నా ఉబ్బిందేమోనని బొటనవేలితో చుట్టూ తడిమి, తలూపాడు. తర్వాత రైఫిల్ విప్పి, భుజానికి ఆనించి తనే పేల్చాడు.

"తీస్కోండ్రి."

ఆ తూటాలు అతనివే కదా అనుకున్నాడు శ్యామ్‌సుందర్. "నేను తెచ్చిన డబ్బాలోవి కూడా పేల్చి చూడండి."

తిరుపతయ్య డబ్బా మీది అక్షరాలు చదివి, ఆ తూటాలూ పేల్చాడు.

"ఇంకొక్కసారి."

ఇంకొక్కసారీ పేల్చాడు. గొట్టం వేడెక్కి ఆవిర్లు చిమ్ముతోంది. అంతసేపూ అతని చెంప ఆ బోల్ట్ పక్కనే ఉంది. శ్యామ్‌సుందర్ అదంతా చూశాడు. చూసీ, అతని చేతిలో బద్దలవనిది తన చేతిలో బద్దలవదని ఏమిటి నమ్మకం అనుకున్నాడు. వారాంతమే క్యాంపు. రైఫిల్ అందిస్తున్న మనిషి వైపు చేయి చాచబోయి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"చలిగా ఉంది. ఇంకో రోజు చూద్దాం లెండి."

తిరుపతయ్య అతని మొహంలోకి తేరిపార చూశాడు. కోపం లేదు, నవ్వూ లేదు. రైఫిల్‌ను పెట్టెలో పెట్టి, కొక్కెం వేశాడు.

"ఇది నా దగ్గర్నే ఉంటది. మీకు నమ్మకమున్న మనిషిని ఒకర్ని తోల్కరాండ్రి, ఆయన చేతులతోని పేల్చి చూస్తడు." వ్యాన్ ఎక్కబోతూ ఆగి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు:

"ఉన్నరా సార్, అసొంటోళ్ళు ఎవరన్నా?"