కవర్లు విప్పించుకున్నాయన

పదకొండేళ్లు జాకెట్లు కుట్టాక నేను కార్ల సీట్లు కుట్టే పనిలో చేరాను. శంషాబాద్‌లో మా వీధి చివర రెడీమేడ్ దుకాణాలు రెండు వచ్చి, ఇంటికొచ్చి కుట్టించుకునేవాళ్లు తగ్గిపోయారు. బెంగళూరు హైవే పక్కన సీటు కవర్ల దుకాణం నడిపే పెద్దాయన, పాతబస్తీ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి, కుట్టేవాళ్ల కోసం వెతుకుతున్నాడని తెలిసి వెళ్లాను. అందరూ ఆయన్ని చాచా అంటారు. నేనూ అలాగే పిలిచాను.

"బేటీ, జాకెట్ కుట్టేది మనిషి కొలతకు. గిది బండి కొలత. బండి లావెక్కదు, చిక్కిపోదు. నీకే ఆరాం," అన్నాడు మొదటిరోజు.

కొన్నాళ్లకు నాకొక సంగతి అర్థమైంది. వచ్చినవాళ్లు ఫోన్‌లో ఒక ఫోటో చూపించి ఇలాంటిదే కావాలంటారు. రెగ్జిన్, గుడ్డ చుట్టలు ముందు పరిస్తే చెయ్యి మాత్రం ఇంకో దాని మీదికి పోతుంది. గోధుమరంగు కావాలన్న మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూ నల్లటి మెత్తటి రెగ్జిన్‌ను బొటనవేలితో నొక్కుతూనే ఉంటాడు. ఆ సంగతి ఆయనకే తెలియదు. నేను ఆ నల్లదే పైకి తీసి పెట్టేదాన్ని. "గిదే, గిదే," అనేవాడు. కంటికి నచ్చేది ఒకటి, చేతికి నచ్చేది ఇంకొకటి అని నాకు అక్కడే తెలిసింది.

నిరుడు ఎండాకాలం మొదట్లో మంఖాల్ నుంచి ఒక రైతు, ఆయన భార్య వచ్చారు. తెల్లకారు. తెచ్చి వారమే అయిందట, సీట్ల మీద కంపెనీ ప్లాస్టిక్ ఇంకా అలాగే ఉంది.

"నలుపు, మెరూన్ కలిపి ఉండాలె. తోలు లెక్క మెరవాలె. మా తమ్ముని బండి చూసినోళ్లు ఇగ నా బండే చూడాలె," అన్నాడాయన.

ఆమె షెడ్డు బయటే నిలబడింది. ఆమెను ఎవరూ అడగలేదు. నేనే మచ్చు ముక్కల కట్ట తీసుకెళ్లి చూపించాను. పిల్లకు జ్వరం ఉందేమో చూసినట్టు ఒక్కో ముక్క మీద మణికట్టు వెనక భాగం ఆనించింది. బూడిదరంగు నేత గుడ్డ దగ్గర ఆగింది.

"గిది మంచిగుంది అక్కా. ఎండకు కాలదు."

"గోనెసంచి లెక్కుంది," అన్నాడు భర్త. "కొత్త బండికి గోనెసంచి తొడుగుతమా?"

"కూసునేది నేను గద," అంది ఆమె. ఆయన నవ్వేసి చాచాకు మెరూన్ చుట్టే చూపించాడు.

చాచా సీట్ల మీది ప్లాస్టిక్ కోస్తుంటే ఆయన తలుపు పట్టుకుని "మెల్లగ చాచా, జర మెల్లగ," అంటూనే ఉన్నాడు. కోసిన ప్లాస్టిక్‌లో ఒక పెద్ద ముక్క మడిచి డిక్కీలో దాచుకోవడం నేను చూశాను. మెరూన్ కవర్లు రెండు రోజులు కుట్టాను. అంచున పసుపు దారం రెండు వరసలు వేశాను. చాలా బాగా కుదిరాయి. ఆయన సీట్ల మీద చరిచి చూసి సంతోషంగా వెళ్లాడు.

నెల తిరిగాక ఒక పొద్దున ఒక్కడే వచ్చాడు. చాచా సరుకు కోసం సిటీకి పోయాడు, దుకాణంలో నేనే ఉన్నాను.

"ఏమన్న ఊడిందా అన్నా?" అనడిగాను.

"లేదక్కా. కుట్టు మంచిగనే ఉంది." బండి తలుపు తెరిచి పట్టుకున్నాడు. "తీసెయ్యాలె."

"ఏది?"

"అన్నీ. నవ్వొద్దు మల్ల. బండి తెచ్చిన దినం సంది పొద్దుగాల చాయ్ తాగి పోయి దాంట్ల కూసునేటోన్ని. ఇంజను గిట్ల ఏం షురూ చెయ్యకపోయేది. ఊకెనే, అద్దాలు మూసుకొని. లోపల ఒక వాసనుండె. ఎట్ల చెప్పాలె... కొత్త వాసన. గీ కవర్లేసినంక అది పోయింది. మీ దుకాణం వాసన వస్తుంది. కూసోబుద్ధైతలేదు."

"ఇంట్ల అక్క ఏమంటుంది?"

"ఏమంటలేదు. తువాల పరుసుకొని కూసుంటుంది. గదే పరేషాన్."

నాకు అబద్ధం చెప్పాలనిపించలేదు. "కవర్లు తీసినా ఆ వాసన ఎప్పటికీ ఉండదన్నా. ఇంకో నాలుగు నెలలుంటే ఎక్కువ."

"ఉన్నన్ని దినాలు ఉండనియ్," అన్నాడు.

నేను కుట్టినవి నేనే విప్పడం మొదలుపెట్టాను. మనసు చివుక్కుమంది, కానీ చెయ్యి ఆగలేదు. డ్రైవర్ సీటు కొక్కేలు లోపలికి ఇరుక్కుపోయాయి. వాటి కోసం ఆ సీట్లో కూర్చోవాల్సి వచ్చింది. ఎన్నో కార్ల సీట్లు కుట్టాను గాని స్టీరింగ్ ముందు కూర్చోవడం అదే మొదలు. కవరు వచ్చేశాక నేను దిగబోతుంటే ఆయన ఆపాడు.

"కూసో అక్కా. అద్దం మూసుకో, నీకే తెలుస్తది."

మూసుకున్నాను. హైవే మీది లారీల రొద ఎక్కడో దూరంగా జరిగిపోయింది. విమానం దిగుతుంటే కనిపించింది, చప్పుడు మాత్రం సన్నగా వచ్చింది. వాసన ఉంది, పల్చగా. వీపు కింద గుడ్డ చల్లగా ఉంది. స్టీరింగ్ మీద చేతులు పెట్టాను. ఇప్పుడు నన్ను ఎవరూ పిలవలేరు అనిపించింది. రెండు నిమిషాలు కూడా అయి ఉండదు. దిగాక సిగ్గేసింది.

"ఉందా?" అనడిగాడు ఆత్రంగా.

"ఉంది."

ఆయనా కూర్చుని చూసుకుని, "ఉంది గని తగ్గింది," అని మెరూన్ కవర్లు మూటగట్టుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం చాచాకు చెబితే ముందు విసుక్కున్నాడు. "ఇన్నేండ్లల్ల గిట్లాంటి గిరాకీ రాలే," అన్నాడు. కాసేపటికి తనే మొదలుపెట్టాడు. "చిన్నప్పుడు నేను పెట్రోల్ పంపు కాడ నిలబడి వాసన పీల్చేటోన్ని. అమ్మ వచ్చి చెవు పట్టుకొని గుంజుకపోయేది."

ఎండలు ముదిరాక భార్యాభర్తలిద్దరూ మళ్లీ వచ్చారు. ఆమె సీటుకు మాత్రం బూడిదరంగు గుడ్డ తొడగమన్నారు. ఈసారి ఎంత వదులుండాలో, అంచు ఎక్కడికి రావాలో అన్నీ ఆమే చెప్పింది, ఆయన పక్కన నిలబడి విన్నాడు.

వానలు మొదలయ్యాక నేను డ్రైవింగ్ స్కూల్లో చేరాను. రాజేంద్రనగర్ వైపు ఖాళీ రోడ్ల మీద నేర్పించారు. మొదటి పరీక్షలో వెనక్కి తీస్తూ గీత దాటించి తప్పాను, రెండోసారి పాసయ్యాను. నాకు కారు లేదు, కొనే ఆలోచనా లేదు. ఎందుకు నేర్చుకున్నావని ఇంట్లో అడిగితే పనికి పనికొస్తుందని చెప్పాను. అది సగం నిజం. ఇప్పుడు దుకాణానికి వచ్చిన బండ్లను రోడ్డు మీది నుంచి షెడ్డులోకి నేనే తెస్తున్నాను.