ఏడవని పిల్లల షెడ్డు

కొల్లేటి ఒడ్డున ఉన్న ఆ రొయ్యల షెడ్డుకు చుట్టుపక్కల ఊళ్లలో మంచి పేరుండేది. అక్కడ చంటిపిల్లలు ఏడవరని. తల్లులు ఐసు గుట్టల ముందు నిలబడి రొయ్యల తలలు తీస్తుంటే, వెనక రేకుల పాకలో దూలానికి కట్టిన చీర ఉయ్యాలల్లో పిల్లలు బుద్ధిగా పడుకుంటారట. బుద్ధిగానట. ఏడు నెలల పసివాడికి బుద్ధేమిటని ఒక్కరైనా ఆలోచించారా?

పెర్సిస్ కూడా ఆలోచించలేదు. పెళ్లికి ముందు నుంచీ ఆ షెడ్డులోనే పని. నిండు చూలాలిగా ఉన్నప్పుడు కూడా పొట్ట బల్లకు ఆనించి రొయ్యలు ఒలిచిన మనిషి. కొడుకు రూబెన్ పుట్టాక వాణ్ణీ తెచ్చి ఉయ్యాలలో వేసింది. పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే అచ్చమ్మ పొద్దున్నే అందరికీ సీసా మూతతో తలా కాస్త జలుబు సిరప్ పోసేది. ఐసు చలికి రొంప పట్టకుండా అని చెప్పి ఆ సీసాలు తెచ్చి ఇచ్చేది సూపర్‌వైజరు పాండురంగారావు. ఎంత దయగల మనిషో అనుకునేవారు తల్లులంతా.

ఒకరోజు రూబెన్‌కు నిజంగానే రొంప పట్టింది. ఊళ్లో మందుల కొట్టువాడు ఇచ్చిన చుక్కల మందు పెర్సిస్ ఇంటి దగ్గరే వేసి తీసుకొచ్చింది. అచ్చమ్మ రోజూలాగే తన మూత పోసింది. పాలిచ్చే వేళకు వెళ్లి ఎత్తుకుంటే పిల్లాడి మెడ వాలిపోయింది. చెంప తట్టినా, అరికాలు గిల్లినా కన్ను తెరవలేదు. ఊపిరి ఉందా లేదా అన్నట్టుంది. ఐసు తెచ్చిన వ్యానులోనే ఏలూరు పరుగెత్తారు. దారంతా ఆమె వాణ్ణి ఏడవమని బతిమాలింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ, అచ్చమ్మ ఇచ్చి పంపిన సిరప్ సీసానూ పెర్సిస్ సంచిలోని చుక్కల మందునూ పక్కపక్కన పెట్టి చూసింది.

"రెండిట్లోనూ ఉన్నది ఒకటే మందమ్మా. మత్తు వస్తుంది. ఎక్కువైతే ఊపిరే ఆగిపోవచ్చు. ఇంత పసివాళ్లకి మమ్మల్ని అడక్కుండా జలుబు మందులు పోయనే కూడదు. ఈ సిరప్ రోజూ పోస్తున్నారా?"

పెర్సిస్ అవునని తలూపింది.

వాడు బతికాడు. మర్నాడు గొంతు చించుకుని ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నాక ఆమెకు దుఃఖం పోయి కోపం పుట్టింది. అడక్కుండా వేసినందుకు తన మీద కోపం. ఎంత వయసు పిల్లాడని కూడా అడక్కుండా అమ్మిన కొట్టువాడి మీద కోపం. అసలు కోపం మాత్రం షెడ్డు దాకా మోసుకెళ్లింది.

పాండురంగారావు మెత్తగానే మాట్లాడాడు. "నేనేవన్నా విషం ఇచ్చానా అమ్మా? జలుబు మందే కదండీ. పిల్లలు లేస్తే మీరంతా చేతిలో పని వదిలేసి పరిగెడతారు. సరుకు పాడైపోద్ది. ఓనరుగారు ఊరుకుంటారా?"

అదీ సంగతి. జలుబు కోసం కాదని పెద్దమనిషి తన నోటితోనే చెప్పాడు. రొయ్య పాడవకూడదు, పిల్లాడు ఏమైపోయినా సరే.

"ఇంట్లో మీ మనవరాలికీ ఇదే పోస్తున్నారా అండీ?" అని అడిగింది పెర్సిస్.

ఆయన సెల్‌ఫోను చూసుకున్నాడు.

ఆమె పాకలోకి వెళ్లి రూబెన్ ఉయ్యాల విప్పి, తెచ్చి తన బల్ల పక్కనే కట్టింది. అచ్చమ్మ ఎవరి మొహమూ చూడలేక మూల కూర్చుని ఉంది. ఆ పొద్దు ఆమె ఎవరికీ ఏమీ పోయలేదు. ఎండెక్కేసరికి పక్క బల్ల మెర్సీ కూతురు లేచింది. దాని గోలకు పక్క ఉయ్యాల, ఆ పక్కది. కాసేపటికి పాకంతా గుక్కపట్టింది. షెడ్డులో తమ పిల్లల గొంతు వినడం ఆ తల్లులకు అదే మొదలు.

పాండురంగారావు పరుగున వచ్చాడు. "ఏవిటమ్మా ఈ గోల? ఎవరో ఒకరు వెళ్లి నోరు మూయించండి."

పెర్సిస్ చేతులు కడుక్కుని, రూబెన్‌ను ఒళ్లోకి తీసుకుని నేల మీద కూర్చుంది. ఆమెను చూసి మెర్సీ బల్ల వదిలింది. తర్వాత మిగతావాళ్లూ వదిలారు. రొయ్యల మీద ఐసు కరిగిపోతోంది.

"ఆకలేసిందండీ వాళ్లకి," అంది పెర్సిస్. "ఏడుస్తారు."