అసలు కార్డు పెట్టెలో, అవ్వ రేవులో

హోసూరులో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ లోకంలో నాకు తెలియనిది ఏదీ లేదని గట్టి నమ్మకం ఉండేది. బండ్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పని. ముక్కను చేతిలోకి తీసుకుని వేలితో అంచు తడిమితే చాలు, మంచిదో కాదో చెప్పేసేదాన్ని. ఆ గర్వం ఫ్యాక్టరీ గేటు దగ్గర వదిలేసి రావాలి కదా, వదలకుండా ప్రతి ఆదివారం బస్సెక్కించి వేప్పనపల్లి పక్కనున్న మా ఊరికి తెచ్చేదాన్ని. ఇంట్లో అందరికీ పాఠాలు చెప్పేదాన్ని. పక్క ఊళ్ళో ఎవరో ఫోన్‌లో ఓటీపీ చెప్పేసి మామిడికాయల డబ్బంతా పోగొట్టుకున్నారని తెలిసిన రోజు మా తాతను అరుగు మీద కూర్చోబెట్టి పెద్ద క్లాసే తీసుకున్నాను. "బ్యాంకోళ్ళు అడిగితే?" అన్నాడు తాత. చెప్పొద్దన్నాను. "పోలీసోళ్ళు అడిగితే?" వాళ్ళకీ చెప్పొద్దన్నాను. "నువ్వడిగితే?" "నేనడిగినా చెప్పొద్దు తాతా, ఈ కాలంలో నా గొంతు పెట్టి ఎవురైనా మాట్లాడొచ్చు" అన్నాను. తాత బుద్ధిగా తల ఊపాడు. (శిష్యుడు ఇంత శ్రద్ధగా వింటే ఏ గురువుకైనా అనుమానం రావాలి. నాకు రాలేదు.)

ఇక ఓడ సంగతి. మా తోటలో కాసే కాయలు కృష్ణగిరి పక్కనున్న గుజ్జు ఫ్యాక్టరీకి పోతాయి. ఆ గుజ్జు డబ్బాల్లో పడి చెన్నై రేవులో ఓడెక్కి దేశాలు దాటిపోతుందని ఒకసారి కాయల లారీ డ్రైవరు మా అవ్వకు చెప్పాడు. అప్పట్నించీ అవ్వది ఒకటే పాట. "నేను నీళ్ళు పోసి పెంచిన చెట్టు కాయ ఓడెక్కింది. నేనెక్కలేదు. ఇదేమి న్యాయమమ్మా?" సముద్రం మాట అటుంచి, ఆమె బర్గూరు దాటి పోయింది కూడా అరుదు. నేను ఉద్యోగంలో చేరగానే అవ్వ నా చెయ్యి పట్టుకుని, "నా కండ్లు బాగుండగానే ఒగసారి ఓడెక్కించు పాపా" అంది. అందుకని మా నాయనా నేనూ కలిసి, చెన్నైలో ఎక్కి సముద్రంలో తిరిగి మళ్ళీ చెన్నైలోనే దిగే ఓడకు టికెట్లు తీసుకున్నాం. నాయన, అమ్మ, అవ్వ, నేను. తాత రానన్నాడు. "అందరమూ పోతే ఆవులకు మేత ఎవురేస్తారు, నీ ఓడోడా?" అన్నాడు.

టికెట్‌తో పాటు వచ్చిన మెసేజ్‌లో ఒక్కొక్కరికీ ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, అది కూడా ఒరిజినల్, కావాలని ఉంది. ఇంట్లో సభ మొదలైంది. రేషన్ కార్డు చాలన్నాడు నాయన. "అందరమూ ఒకే కార్డులో ఉండాము గదా, విడివిడిగా ఎందుకు?" అన్నది ఆయన వాదన. తాత మాత్రం పొలం పట్టా ఎత్తుకొని పొమ్మన్నాడు. "భూమి ఉండేవాళ్ళని తెలిస్తే మర్యాద చేస్తారు" అట. (సముద్రంలో భూమి పట్టా ఎవరు చూస్తారు తాతా అంటే, అందుకే చూపించాలన్నాడు.) అమ్మ ఓటరు కార్డు అంది. అవ్వ ఆధార్ కార్డు వద్దే వద్దంది. "ఆ ఫొటోలో నేను ఎవురో కోడి దొంగలాగుండాను. ఓడోళ్ళు చూస్తే రానిస్తారా? గుడి పండగలో తీసింది ఉండాది చూడు, పట్టుచీరతో, అది ఎత్తుకోండి" అంది. అది కార్డు కాదు, గోడకు తగిలించిన ఫ్రేము. చివరికి నేను బల్ల గుద్ది ఆధారే అని తీర్పు చెప్పాను. నా తీర్పుకు ఎదురుండేది కాదు ఆ రోజుల్లో, అంటే నేను అట్లా అనుకునేదాన్ని.

కార్డులన్నీ తాత ఇనప పెట్టెలో ఉంటాయి, పెట్టె తాళం తాత మొలతాడుకు ఉంటుంది. మా ముత్తాత ఒకప్పుడు పొలం పత్రాలు ఎవరో పెద్దమనిషి చూసి ఇస్తానంటే నమ్మి ఇచ్చాడట. అవి తిరిగి రాబట్టుకోవడానికి పాపం ఆయన సగం బతుకు ఆఫీసుల మెట్ల మీదే గడిచింది. అది కళ్ళారా చూసిన మా తాతకు అసలు కాగితం గడప దాటడమంటే ప్రాణం పోవడమే. అందుకే బయల్దేరే రోజు పొద్దున ఆయన తనంతట తానే పసుపు సంచిలో కార్డులు పెట్టి నా చేతికిస్తే నాకు ఆశ్చర్యమేసింది. "ఒరిజినలేనా తాతా?" అన్నాను. "నువ్వే చూసుకో పాపా, క్వాలిటీ నువ్వే గదా" అన్నాడు. తీసి చూశాను. వేలితో అంచు కూడా తడిమాను. బ్రహ్మాండంగా ఉన్నాయి, పాస్ చేసేశాను.

రేవులో వరుసలో నిలబడి నిలబడి మా వంతు వచ్చింది. కౌంటర్లో ఉన్న అమ్మాయి మా కార్డులు తీసుకుని ఒక్కసారి తిప్పి చూసి, "ఇవి కలర్ జిరాక్సులు. ఒరిజినల్ ఎక్కడ?" అని తమిళంలో అడిగింది. నా కాళ్ళ కింద నేల కదిలింది, ఇంకా ఓడ ఎక్కకుండానే. అప్పుడు చూస్తే తెలిసింది, ఒక్కో కార్డు అంచు కత్తెరతో ఎంత ముద్దుగా కత్తిరించారో! తాత కృష్ణగిరి బస్టాండు దగ్గర జిరాక్స్ అంగడికి పోయి, దగ్గరుండి లామినేషన్ చేయించి తెచ్చాడన్నమాట. ఆ అమ్మాయి మంచిది. ఫోన్లో ప్రభుత్వ యాప్‌లో చూపించినా సరేనంది. నాదీ అమ్మదీ ఫోన్లలో దొరికాయి, నాయన జేబులో లైసెన్సు ఉంది. మిగిలింది అవ్వ. అవ్వకు ఫోను లేదు. ఆమె ఆధార్‌కు ఇచ్చింది తాత నెంబరు. అంటే ఓటీపీ పోయేది మా ఊళ్ళో ఆవుల కొట్టంలో ఉన్న తాతకు.

ఫోన్ చేశాను. "తాతా, నీకొక నెంబరు వచ్చుంటాది, చెప్పు."

"వచ్చింది. చెప్పను."

"తాతా, నేనే!"

"నువ్వే అయితే నీకు తెలిసుండాలే, నువ్వడిగినా చెప్పొద్దని నువ్వే గదా చెప్పింది?" అన్నాడు. నాయన తీసుకుని బతిమాలాడు. "నా కొడుకు గొంతు గూడా నేర్చుకున్నారా దొంగ నాయాండ్లు" అని తాత ఫోన్ పెట్టేశాడు. కౌంటరు మూసే వేళ దగ్గర పడింది. నాకు ఏడుపొచ్చేసింది. అవ్వ కిటికీలోంచి ఆ పెద్ద తెల్ల ఓడను కాసేపు చూసి, నా వీపు మీద చెయ్యేసి, "పోనీలే పాపా. మీరు పోయి రండి. నేనీడనే కూర్చోని చూస్తా. కాయలు పోతాయి, చెట్టు యాడికి పోతాది?" అంది. ఆ మాటకు నా గుండె తరుక్కుపోయింది. ముక్కూ మొహం తెలియని దొంగనెవడినో ఆపడానికి నేను వేసిన తాళం మా అవ్వకే పడిందే అని నన్ను నేను తిట్టుకున్నాను.

ఆఖరి ప్రయత్నంగా మళ్ళీ ఫోన్ కలిపి, స్పీకరులో పెట్టి అవ్వ ముందు పట్టాను. తాత తగ్గలేదు. "నువ్వు మా ఇంటిదానివే అయితే, మన పెండ్లిలో తాళి కట్టేటప్పుడు ఏమి జరిగిందో చెప్పు" అన్నాడు.

అవ్వ ముఖం ఎర్రబడింది. "ఏమి జరిగిందా? నీ చేతులు గడగడ వణికి ఒగ ముడి గూడా పడలేదు. మీ అక్కొచ్చి మూడు ముళ్ళూ తానే ఏసింది. లెక్కకు నేను నీ పెండ్లాన్నే గాదు, మీ అక్క పెండ్లాన్ని! ఇంతమంది ముందర ఇది చెప్పించుకోవాల్నా నీకు? చట్టిలో సంకటి పెట్టి, పులుసు ఏడిజేసుకోమని చెప్పొచ్చినా, తిన్నావా? తినుండవు. నీ మొగానికి ఓటీపీ ఒగటి తక్కువ!"

వెనక వరుసలో తెలుగు తెలిసినవాళ్ళు పగలబడి నవ్వారు, తెలియనివాళ్ళకు వాళ్ళు తమిళంలో చెప్పారు, ఆ తర్వాత వాళ్ళూ నవ్వారు. తరవాత తాత చాలా మెత్తగా, "ఆ, ఈమె మా ఇంటిదే. రాసుకో పాపా" అన్నాడు. రాసుకున్నాను. ఈలోగా దాని గడువు తీరిపోయింది. ఇంకొకటి పంపించాను. "మళ్ళా కొత్త నెంబరు వచ్చింది, ఇదెవురు అడగతాండేది?" అన్నాడు తాత. అవ్వ ఊరికే ఒక్కసారి గొంతు సవరించుకుంది. వెంటనే గడగడా చెప్పేశాడు.

ఓడ కదిలాక అవ్వ కమ్మీ పట్టుకుని, దూరంగా పెట్టెలు పేర్చుకుని ఉన్న సరుకుల ఓడల్ని చూస్తూ, "ఆ పెట్టెల్లో యాడనో మన కాయలుంటాయి" అంది. చేతులెత్తి వాటికి దండం పెట్టింది. తర్వాత తాతకు ఫోన్ చేయమని, "ఎక్కినా" అని ఒక్క మాట చెప్పి, మళ్ళీ సంకటి సంగతి అడిగింది.

మొన్న ఆదివారం ఊరికి పోతే తాత నన్ను పక్కకు పిలిచాడు. ఆవులను మా నాయనకు ఒప్పగించాడట. ఈసారి తనూ అవ్వా ఓడెక్కుతారట. మొలతాడు నుంచి తాళం విప్పి నా చేతిలో పెట్టి, "ఒరిజినలే ఎత్తుకో పాపా, నీ దగ్గరుంటే నాకు భయం లేదు" అన్నాడు. ముత్తాత కాలం నుంచి గడప దాటని నమ్మకం నా అరచేతిలో ఉంది. నాకు కళ్ళు చెమర్చాయి. పెట్టె తెరిచి రెండు కార్డులూ భద్రంగా తీసుకుని బయల్దేరాను. హోసూరు బస్సు కృష్ణగిరిలో ఆగితే, ఏమైనా మంచిదని, దిగి జిరాక్స్ అంగడికి పోయి రెండిటికీ కలర్ కాపీలు తీయించాను. అంచులు మాత్రం నేనే దగ్గరుండి కత్తిరించాను.