మాస్టారు నాకు వదిలేసిన బంతి

డెబ్బైల చివర్లో అమలాపురంలో మాకొక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. చదువు అయిపోయి ఉద్యోగాల కోసం చూస్తున్నవాళ్ళం కొందరం, బజారులో షాపుల్లో పనిచేసేవాళ్ళు కొందరు, బండారులంక నుంచి సైకిళ్ళ మీద వచ్చే నేతపనివాళ్ళు ఇద్దరు ముగ్గురు. సాయంత్రమయ్యేసరికి హైస్కూలు మైదానంలో చేరేవాళ్ళం. బంతి ఎక్కడుంటే అందరం అక్కడ ఉండటమే ఆట అనుకునేవాళ్ళం. గోలు కాసేవాడు కూడా విసుగు పుట్టి ముందుకొచ్చేసేవాడు.

నేను కుడివైపు వెనక ఆడేవాణ్ణి. ముందు ఆడటం చేతకాదు కాబట్టి వెనక. మనిషిని పొడుగు, ఎదురొచ్చినవాడికి అడ్డం పడగలను. బంతి నా కాళ్ళ దగ్గరకొస్తే మాత్రం కంగారు పుట్టి ఎటో ఒకవైపు తన్నేసేవాణ్ణి.

మాలో నిజమైన ఆటగాడు బండారులంక కుర్రాడు. పొద్దంతా మగ్గం తొక్కి, ఆ కాళ్ళతోనే వచ్చి, బంతిని ఎడమ కాలి పక్కన పెంపుడు పిల్లిలా నడిపించుకుపోయేవాడు. వాడి ఆట చూడటానికే మా బాబాయి ఎరువుల కొట్టు మూసేసి వచ్చేవాడు.

అలాంటి రోజుల్లో హైస్కూలుకి బదిలీ మీద కొత్త డ్రిల్లు మాస్టారు వచ్చారు. బక్కపలచటి మనిషి, ఇస్త్రీ చెదరని తెల్ల ప్యాంటు. ఆదివారం చర్చి అవగానే బైబిలు ఇంట్లో పెట్టేసి నేరుగా మైదానానికి వచ్చేవారు. కొన్నాళ్ళు గట్టు మీద నిలబడి మా ఆట ఊరికే చూశారు. ఒకరోజు కొబ్బరితాళ్ళ చుట్ట భుజాన వేసుకొచ్చి, మైదానం పొడుగునా తాళ్ళు పరిచి, ఎవరి బాట వారికి చూపించారు.

"ఇవాళ ఎవరూ తాడు దాటకూడదు" అన్నారు.

బండారులంక కుర్రాడికి ఎడమ అంచు బాట వచ్చింది. బంతి అటు మూల ఉంటే వాడు ఇటు ఒంటరిగా నిలబడాలి. కాసేపటికే వాడికి కోపం వచ్చింది.

"మాస్టారండి, నేను పొద్దంతా కూచునే ఉంటానండి. ఇక్కడికొచ్చి నుంచోడానికాండి?"

"నీ దగ్గరికి బంతి వస్తది."

"రాపోతేనండి?"

"రాపోతే తప్పు నాది. అప్పుడు నన్నడుగు."

ఆ రోజు బంతి రాలేదు. మర్నాడూ పెద్దగా రాలేదు. మాస్టారు మాత్రం మా వెనకవాళ్ళ దగ్గరకొచ్చి ఒకే మాట చెబుతుండేవారు: తన్నే ముందు తలెత్తి చూడండి, వాడు ఎక్కడున్నాడో. నాకు తల ఎత్తితే బంతి పోయేది, బంతిని చూస్తే వాడు కనిపించేవాడు కాదు. అయినా ఆయన ఎప్పుడూ గట్టిగా కేకలెయ్యలేదు. వర్షాలు మొదలయ్యేనాటికి బంతి అటు చేరటం మొదలైంది. వాడు ఒంటరిగా ఉండటం వల్ల, చేరిన ప్రతిసారీ వాడి ముందు ఖాళీ మైదానం ఉండేది. ఆ ఖాళీలో వాడేం చేశాడో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆ ఏడు మేము ఆడిన ప్రతి ఊళ్ళోనూ నెగ్గాం.

బాబాయి మాత్రం మాస్టారి గొప్పతనం ఒప్పుకోలేదు. "ఆ కుర్రాడుండబట్టి నెగ్గుతున్నార్రా. గట్టు మీద నుంచున్న మనిషి ఏం చేస్తాడు? ఆయన తన్నేడా, ఆయన పరిగెత్తేడా?" అనేవాడు. నేను వాదించేవాణ్ణి గానీ, చూపించటానికి నా దగ్గర రుజువేమీ లేదు.

మరుసటి వేసవిలో మాస్టారికి ముమ్మిడివరం వైపు బదిలీ అయింది. ఆయన వెళ్ళాక కూడా మేము ఆయన చెప్పినట్టే ఆడేవాళ్ళం. కొన్నాళ్ళకు ఆయన అక్కడా ఒక జట్టు కట్టారని తెలిసింది. ఒక కాంపౌండరు, సైకిలు షాపువాడు, కొబ్బరి దింపులు తీసేవాళ్ళు, చేపల వేటకెళ్ళే అన్నదమ్ములు. ఆ జట్టులో చెప్పుకోదగ్గ ఆటగాడు ఒక్కడూ లేడని చూసొచ్చినవాళ్ళు అన్నారు.

పి.గన్నవరంలో పోటీలు పెట్టినప్పుడు ఆఖరి ఆట మాకూ వాళ్ళకీ పడింది. మాస్టారు మమ్మల్ని చూసి నవ్వి, అందరినీ ఇంటి సంగతులు అడిగి, తన జట్టు వైపు వెళ్ళిపోయారు. బాబాయి నా చెవిలో, "ఇవాళ తేలిపోద్ది" అన్నాడు.

మొదలైన కాసేపటికే ఏదో తేడా ఉందని అర్థమైంది. బండారులంక కుర్రాడి మీద ఇద్దరు అతుక్కుపోయారు. వాడు కదిలితే కదులుతున్నారు, ఆగితే ఆగుతున్నారు. అది మేము ఊహించిందే. ఊహించనిది నా సంగతి. బంతి నాకొస్తే ఎవరూ నా మీదకి రావటం లేదు. నా ముందున్నవాళ్ళు నాలుగడుగులు వెనక్కి వేసి, మిగతా మావాళ్ళని కాసుకుని, నన్ను వదిలేస్తున్నారు. మావాళ్ళకి ఖాళీగా కనిపించేది నేనొక్కణ్ణే, అందుకని బంతంతా నా దగ్గరికే వస్తోంది. తలెత్తి చూస్తే ఇవ్వటానికి ఎవరూ ఖాళీగా లేరు. అప్పుడు తెలిసింది. మా జట్టులో బంతితో ఏమీ చెయ్యలేనివాడు ఎవడో మాస్టారికి తెలుసు. ఆట మొత్తాన్ని వాడి చేతిలో పెట్టేశారు.

సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. అదే సమయంలో, ఇలా ఆలోచించగల మనిషి దగ్గర ఒక ఏడాది ఆడానన్న గర్వం కూడా కలిగింది. ఈ రెండింటి మధ్య నేను ఇచ్చిన బంతి ఒకటి దారి తప్పి కాంపౌండరుకి చిక్కింది. అక్కణ్ణుంచి మూడు తన్నుల్లో గోలైపోయింది.

సగం ఆట అయ్యాక నేను తల వంచుకుని కూర్చున్నాను. బండారులంక కుర్రాడు వచ్చి పక్కన కూలబడ్డాడు.

"అన్నయ్యా, మిమ్మల్ని వదిలేత్తన్నారు, చూసేరా?"

"చూసేను."

"అయితే నేను మీ వైపొచ్చేత్తాను. బంతి నాకిచ్చేసి మీరు ముందుకు పరిగెత్తండి."

"నాకివ్వకురా బాబూ."

"ఇవ్వనండి. మీరు పరిగెత్తితే చాలు, ఎవడో ఒకడు మీతో రావాలి గదా."

మాస్టారు నేర్పిన బాట వదిలేసి వాడు మైదానం అడ్డంగా నా దగ్గరికి వచ్చేశాడు. వాడి మీదున్న ఇద్దరూ కూడా వచ్చారు. వాడికి బంతి ఇచ్చి, బతుకులో ఎప్పుడూ పరిగెత్తనట్టు పరిగెత్తాను. ఒకడు నా వెంట పడ్డాడు. మిగిలినవాణ్ణి వాడు ఒంటి కాలి మీద తిరిగి దాటేశాడు, అడ్డొచ్చిన మరొకణ్ణీ దాటాడు, ఎడమ కాలితో కొట్టాడు. గోలు. ఆట ముగిసే ముందు మళ్ళీ అలాగే ఇంకొకటి. రెండోది కొట్టిన తీరు ఇప్పటికీ చెప్పలేను. అంత ఇరుకులో కాలు ఎలా తిరిగిందో వాడికే తెలియదట.

నెగ్గాం. మాస్టారు ముందు తన జట్టు దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కరి వీపూ తట్టారు. వాళ్ళు నేల మీద కూలబడి రొప్పుతున్నారు. తర్వాత మా వైపు వచ్చారు.

"నీకు బంతి వదిలెయ్యమన్నది నేనేరా. కోపం వచ్చిందా?" అని నన్ను అడిగారు.

"ఆయ్, వచ్చిందండి."

"రావాలి. నువ్వలా ముందుకు పరిగెడతావని నేననుకోలేదు. అక్కడ పోయింది నా ఎత్తు." ఆ మాటకి నాకు కళ్ళు చెమర్చాయి.

బాబాయి ఊరుకోలేదు. "ఇప్పుడేమంటారు మాస్టారూ? ఆటగాడా, నేర్పే మనిషా?"

"ఆటగాడేనండి" అన్నారు మాస్టారు, ఏమాత్రం తడుముకోకుండా. "ఆ రెండో గోలు నేను నేర్పింది కాదండి. ఎవరూ నేర్పలేరు. నాబోటివాడు అలాంటివాడి దాకా బంతి చేర్చగలడు, లేపోతే చేరకుండా కాసేపు ఆపగలడు. అంతేనండి."

బాబాయి తలాడించాడు. తిరుగు బస్సులో మాత్రం ఉన్నట్టుండి నా వైపు తిరిగాడు.

"వాళ్ళలో ఒక్కడికైనా మన జట్టులో చోటు దొరుకుద్దంటావా?"

"దొరకదు."

"మరి అంతసేపు మనకి ఊపిరాడనివ్వలేదేంట్రా?"

 

రెండేళ్ళ తర్వాత బండారులంక కుర్రాడికి ఆట మీదే విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చింది. వెళ్ళే ముందు మాస్టారికి చెప్పి వస్తానంటే నేనూ తోడు వెళ్ళాను. ఆయన తన స్కూలు మైదానంలో ఉన్నారు. సంగతి విని వాడి భుజాలు రెండూ పట్టుకున్నారు.

"అక్కడ నేర్పేవాళ్ళు ఏం చెబితే అది చెయ్యి. ఓ ఏడాది చెయ్యి. ఆ తర్వాత నీ కాలికి ఏది తోస్తే అదే చెయ్యి" అన్నారు.

భోజనం చేసి వెళ్ళమని మమ్మల్ని ఇంటికి పంపించారు. ఆయన భార్య చేపల పులుసు వడ్డిస్తూ, "ఆయన కోసం చూడకండి బాబూ, చీకటి పడితేగానీ రారు" అంది. మేము తిని బస్సు ఎక్కేటప్పటికి కూడా ఆయన ఇంటికి రాలేదు. బస్సు హైస్కూలు పక్క నుంచి వెళ్తుంటే చూశాం. మాస్టారు బొద్దుగా ఉన్న కుర్రాణ్ణొకణ్ణి ఒక మూల నిలబెట్టి, అక్కడ ఎందుకు నిలబడాలో ఓపిగ్గా చెబుతున్నారు.