రెండో స్టూలు

2004లో అనకాపల్లిలో ఒక చిన్న రక్తపరీక్షల ల్యాబుకి ప్రోగ్రాం రాశాను. నేను తొమ్మిదో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి. ప్రోగ్రాములు రాసే జావా భాష సొంతంగా నేర్చుకున్నాను. నోటి దురుసు మాత్రం పుట్టుకతో వచ్చింది.

అప్పుడే డిజైన్ ప్యాటర్న్స్ చదివాను. ప్రోగ్రాముల్లో పదేపదే ఎదురయ్యే చిక్కులకి ముందువాళ్లు కనిపెట్టిన అమరికలవి. రేపు మార్పు వస్తే అంతా విప్పి మళ్లీ కుట్టే పని లేకుండా కాపాడతాయి. వాటిలో సింగిల్టన్ అనేది నాకు తెగ నచ్చింది. ప్రోగ్రాం మొత్తానికి ఒకే ఆబ్జెక్ట్, అంటే వివరాలు పెట్టుకునే గూడు లాంటిది ఒక్కటే, అందరూ దాన్నే వాడాలి. ల్యాబులో రక్తం తీసే స్టూలు ఒకటే, కంప్యూటరూ ఒకటే. అందుకని ‘ప్రస్తుత రోగి’ అనే ఆబ్జెక్టునీ ఒకటే పెట్టాను.

టెక్నీషియన్ అప్పారావు చూసి, “రెండో స్టూలు ఏత్తే ఏటవుద్ది బావా?” అన్నాడు.

“నీకు రెండో పెళ్లయినప్పుడు సూద్దాంలే బావా!”

ల్యాబంతా నవ్వింది. అతనూ నవ్వాడు.

ఏడాది తిరక్కుండా రెండో స్టూలు, రెండో కంప్యూటరు వచ్చాయి. అప్పారావు ఫోన్ చేస్తే, “వైరు కలిపేయండి, రెండూ ఒకే ప్రోగ్రాం మీద నడుస్తాయి, అంతే” అన్నాను.

ఆ వారమే రాంబిల్లి నుంచి, సముద్రం మీద వేటకెళ్లే యేసుదాసు కాలి పుండుతో వచ్చాడు. ఒక కంప్యూటర్లో వేరొకాయన ఫలితం టైపు చేస్తుండగా రెండోదాంట్లో యేసుదాసు పేరు తెరిచారు. ఆబ్జెక్ట్ ఒక్కటే కదా, ఆ వేరొకాయన చక్కెర లెక్క యేసుదాసు పేరు కింద పడింది. ఫలితం కనబడేసరికి ఎవరో టైపు చేసేశారనుకుని అప్పారావు ప్రింటు తీసి ఇచ్చేశాడు. చక్కెర మామూలే అని ఉంది.

రెండు నెలలకి యేసుదాసు భార్య మరియమ్మ ఆ కాగితం పట్టుకొచ్చింది. ఆ రోజు నేనక్కడే ఉన్నాను.

“సుగరు లేదని ఇందులో రాసేరు గదా బాబూ. పెద్దాసుపత్రిలో సుగరు ముదిరిపోయిందని కాలు తీసేసేరు. ఏది నిజం?”

పాత రికార్డులు తీసి చూశాను. ఏం జరిగిందో తెలిసింది, దాచాలనిపించలేదు.

“తప్పు నాదేనమ్మా. ఇంకొకరిది మీ ఆయన పేరు కింద పడింది.”

“తప్పు నీది, కాలు మా ఆయనదీనా?”

అంతే అంది. కాగితం మడిచి కొంగులో ముడేసుకుని వెళ్లిపోయింది.

ఆ రోజే ప్రోగ్రాం విప్పి, వచ్చిన ప్రతి మనిషికీ వేరే ఆబ్జెక్ట్ పుట్టేలా మార్చాను. గంటన్నర పని. అప్పారావు మొదట అడిగినప్పుడూ అంతే పట్టేది.

ప్యాటర్న్‌ది తప్పు కాదు. నేను మనుషుల్ని చూసి కాక, స్టూలుని చూసి రాశాను. ఇప్పటికీ జోకులు వేస్తాను. కానీ పనిచేసేవాడు “రెండోది వత్తే?” అని అడిగితే మాత్రం నోరు మూసుకుని, పెన్ను తీసి, “సెప్పు బావా” అంటాను.