రోల్ వెయ్యని కెమెరా

ఆదివారం పొద్దున్న షట్టర్ ఎత్తుతుంటే అంకుల్ వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. తెల్లవారుజామున నాన్న నిద్రలోనే పోయారట. సరే తల్లీ, వస్తున్నా అన్నాను గానీ షట్టర్ సగంలోనే వదిలేసి అక్కడే కూర్చుండిపోయాను.

దేశ రాజధానిలో, ఈ కటవారియా సరాయ్‌లో నాది చిన్న ఫోటో షాపు. పరీక్షలు రాసే పిల్లలకి పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, జిరాక్సులు. అంకుల్ పెద్దాసుపత్రిలో ఎక్స్‌రే తీసేవారు. నర్సాపురం వైపు మనిషి. డ్యూటీ అయ్యాక నా దగ్గర ఫిల్మ్ రోల్ కొనుక్కుని గుడికి, అదే చర్చికి, వెళ్ళి, ఫాదర్లు రోజువారీ ప్రార్థన చేసుకుంటుంటే, వాళ్ళు తనని మర్చిపోయేదాకా ఓ మూల కాచుకుని ఫోటోలు తీసేవారు. పండగ పూజలు, పెళ్ళిళ్ళు తియ్యమంటే మాత్రం నవ్వి తప్పించుకునేవారు.

ఇదేం పిచ్చి అంకుల్, ఇటు చూడండి అంటే అరనిమిషంలో అయిపోతుంది కదా అన్నానొకసారి.

"నీ షాపులో వాళ్ళు నీ కోసం కూర్చుంటారయ్యా. అక్కడ నా కోసం ఎవరూ కూర్చోకూడదు" అన్నారు.

ఇంకో మాట కూడా అనేవారు. ఆసుపత్రిలో రోజంతా ఊపిరి బిగబట్టండి అని చెప్పడమే తన పని, గుడిలో మాత్రం మనిషి ఊపిరి వదిలేదాకా ఆగుతానని.

ఆ ఫోటోలు నర్సుల హాస్టల్ మెస్‌లో పెట్టేవారు. మన కోస్తా పిల్లలు చాలామంది ఉన్నారక్కడ. షిఫ్టుల వల్ల పూజకి వెళ్ళడం కుదరదు. తమ కోసం ఎవరో ఒకరు ప్రార్థన చేస్తున్నారని వాళ్ళకి కనపడాలని ఈయన తాపత్రయం.

ఫాదర్లందరివీ అలాంటి ఫోటోలు దొరికాయి, మన తెలుగు పెద్ద ఫాదర్‌ది తప్ప. కెమెరా చూస్తే చాలు, ఆయన వెన్ను నిటారుగా పెట్టి, మంకీ క్యాప్ తీసి జుట్టు సర్దుకునేవారు. ఆ చలికాలం అయ్యాక ఆయన రిటైరై ఆంధ్రా వెళ్ళిపోతున్నారని తెలిసింది. ఇక చూడాలి అంకుల్ హడావిడి! రోజూ పొద్దున్నే ఫాదర్ ఉండే మేడ మీదకి వెళ్ళడం, ఓ మూల కూర్చుని టక్కు టక్కున నొక్కడం. రోల్ కొనడానికి మాత్రం నా షాపుకి రావట్లేదు. వేరే షాపు పట్టారేమోనని నాకు లోపల కొంచెం గుర్రుగానే ఉంది.

అసలు సంగతి నా ముందే బయటపడింది. ఆ రోజు ఫాదర్‌కి ఏవో జిరాక్సులు ఇవ్వడానికి నేనూ మేడ ఎక్కాను. ప్రార్థన పుస్తకం మూసి ఫాదర్ అడిగారు: "ఎన్ని తీశావయ్యా ఇప్పటికి?"

"ఒక్కటీ లేదు ఫాదర్ గారూ. రోల్ వెయ్యలేదు."

"మరి ఇన్నాళ్ళూ ఆ టకటకలేంటి?"

"మీ చెవికి అలవాటు చేస్తున్నానండి."

ఫాదర్ నవ్వీ నవ్వీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సరే, వేసుకో. వేసిన రోజు మాత్రం నాకు చెప్పకు."

ఆయన రైలు ఎక్కేలోపు అంకుల్ వెయ్యనే వేశారు. ల్యాబ్ నుంచి ప్రింట్లు నేనే తెచ్చాను. ఇద్దరం కౌంటర్ మీద ఒక్కొక్కటీ తిప్పుతున్నాం. నిటారుగా ఉన్న ఫాదర్, మళ్ళీ నిటారుగా ఉన్న ఫాదర్. అంకుల్ ముఖం వాడిపోతోంది. అప్పుడొచ్చిందండీ ఆ ఫోటో! వెదురు మోడా కుర్చీ మీద ఒరిగి, మంకీ క్యాప్‌తో, నోరు కాస్త తెరుచుకుని, వేలు మాత్రం పుస్తకంలో చదువుతున్న వరస మీదే. నేను గట్టిగా కేకేశాను. జిరాక్సుల కోసం నిలబడ్డ కుర్రాళ్ళు క్యా హువా భయ్యా అంటూ లోపలికి తొంగిచూశారు.

సాయంత్రమే ఫాదర్‌కి చూపించాం. ఆయన ముఖం ముడుచుకుంది. నిద్రపోతున్నట్టున్నాను, ఇది వద్దు, బాగున్నది ఇంకోటి పెట్టుకోమన్నారు. ఆయన వద్దంటే అంకుల్ పెట్టరని నాకు తెలుసు.

అంకుల్ మెల్లగా అన్నారు: "డ్యూటీ దిగొచ్చి చూస్తారండీ ఆ పిల్లలు. అలసిపోయి కూడా పుస్తకం వదలని ఫాదర్ వాళ్ళకి కావాలి."

ఫాదర్ ఫోటోని దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఠీక్ హై. పెట్టుకో" అన్నారు.

నిన్న సమాధి కార్యక్రమం అయ్యాక నర్సమ్మలు నన్ను మెస్‌కి తీసుకెళ్ళి టీ ఇచ్చారు. గోడ మీద ఆ ఫోటో. అప్పుడే డ్యూటీ దిగిన ఒకమ్మాయి, ఇంకా యూనిఫాంలోనే, గ్లాసు పట్టుకుని దాని ముందు ఆగింది. పెదవులు కదులుతున్నాయి. చేతిలో టీ మీద మీగడ కట్టేసింది. ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది.